మాధవాయపాలెమును స్పెయినుదేశపు వెండియు

స్పెయినుదేశమందలి రాజభాషాపరిషత్తువారి నిఘంటువున "మదపోలాన్" అను పదమొకటి కలదు. తెల్లనిదియు, మేలిరకపుదియు నగు నూలువస్త్రవిశేషమని దాని కర్థము. ఆ పదము హిందూదేశమందలి యొక యూరిపేరునుండి పుట్టినదని యా నిఘంటుకర్తలే వ్రాసియున్నారు. ఆ యూరు మాధవాయపాలెము. రాజోలుసీమలోని సఖినేటిపల్లి రేవునఁ బంటునెక్కి వసిష్ఠగోదావరిని దాఁటువారు ఆవలియొడ్డునఁ గాలుమోపునది యచ్చటనే. అది నేఁడు నరసాపురముతోఁ గలసిపోయి, పంటురేవుగాఁ దప్ప మఱియొక విధమునఁ బెక్కురకుఁ దెలియనిదై యున్నది. కోనసీమవారు దినదినమును దాఁటుచున్న యీ రేవుపేరు స్పెయినువారి నిఘంటువున కెట్లెక్కినదో విచారింపఁదగియున్నది.

మొదట నామపరిణామమును జూడవలెను. మాధవ, అయ్య, పాలెము అను మూఁడుపదముల కలయికచే నైన పేరిది. పాలెమనునది శిబిరమునకును, శిబిరమున్న చోటఁ బుట్టిన యూరికిని జెల్లుమాట. ధకారమందలి మహాప్రాణము ఐరోపావారి నోటఁ బలుకదు గావున నది దకారమయ్యెను. నడిమి "వాయ" యనునది లోపించెను. పాలెమునందలి దీర్ఘము ఒకారమునకు మాఱి, లకారము ద్విత్వమునొంది, "మదపొల్లం" అని యాంగ్లేయుల కవిలెల కెక్కినది. ఫ్రెంచివారు ద్విత్వమును విడిచి "మదపొలాం" అనిరి. తుదివర్ణముమీఁదికథ యింకను వింతగా నున్నది. తెలుఁగువాఁడు వ్రాఁతలో "పాలెము" అనియు, మాటలో నుకారమును విడిచి "పాలెం" అనియు ననును. విదేశీయులు విన్నది యీ రెండవ రూపమే. అయినను స్పెయినువారి నాలుకకుఁ బదాంతమకారము సహింపదు. ఆదామును వారు "అదాన్" అందురు, బెత్లెహేమును "బెలేన్" అందురు, యెరూషలేమును "హెరుసాలేన్" అందురు. పాణినీయమునఁ బదాంతమకారమునకు హల్లు పరమగునపుడు మాత్రమే యనుస్వారము విధింపఁబడినది. స్పెయినువారికి నేది పరమైనను, ఏదియుఁ బరము గాకున్నను నకారమే గతి. ఇట్లు మాధవయ్యపేరిటి పాలెము వారిభాషలో నకారాంతపుంలింగమై, బహువచనమున "మదపోలానెస్" అని యగుచున్నది.

ఇఁక నసలు వింత యేమనఁగా, స్పెయినువారు తెలుఁగుతీరమున నొక్క వర్తకశాలనైనను గట్టినవారు కారు. పాలకొల్లున డచ్చివా రుండిరి. యానాములో ఫ్రెంచివా రుండిరి. మాధవాయపాలెమునను, అమలాపురమునకు నైరృతిదిశను వైనతేయము నొడ్డుననున్న బెండమూర్లంకయందును, యానాముచెంతనున్న ఇంజరమునందును ఆంగ్లేయు లుండిరి. (బెండమూర్లంక వేఱు, నేఁటికిని మగ్గములకుఁ బేరొందిన బండారులంక వేఱు. రెండును అమలాపురముప్రాంతములోనివే యగుటచే నీ పేళ్లు రెండును తఱచుగాఁ దారుమాఱగుచున్నవి.) మచిలీపట్టణమునఁ బోర్చుగీసువారును, డేనులును వ్యాపారము చేసిరి. ఐరోపాఖండమునందలి యోడవర్తకులలో నిచ్చటికి రానివారు స్పెయినువా రొక్కరే యనవచ్చును. రాకుండుటకుఁ గారణమొక గీఁత.

1492లోఁ గొలంబసు పడమటిదీవులను గనుఁగొనఁగానే క్రొత్తభూము లెవ్వరివను వివాదము స్పెయిను పోర్చుగలు రాజులకుఁ గలిగెను. 1493లో నాఱవ అలెగ్జాండరు పోపు తీర్పుచెప్పెను. ఈతఁడును బుట్టుకచే స్పెయినువాఁడే యగుటచేఁ గాఁబోలు, ఆ తీర్పు పోర్చుగలువారికి నచ్చలేదు. మఱుసటియేఁట తోర్దెసిల్యాసు అను నూరఁ గ్రొత్త యొడంబడిక జరిగి, కేపువర్దుదీవులకుఁ బడమట 370 లీగుల దూరమున సముద్రముమీఁద నొక గీఁత యూహింపఁబడినది. గీఁతకుఁ బడమటిదంతయు స్పెయినునకు, తూర్పుదంతయుఁ బోర్చుగలునకు. గజపతుల యేలుబడిలోనున్న గోదావరీతీరపుఁ బ్రజలు తాము పోర్చుగలురాజు భాగమునకు వచ్చితిమని యెఱుఁగక యా యేఁటి పంటను యథాప్రకారముగాఁ గోసికొనియుందురు. తూర్పున నీ గీఁత యెచ్చటఁ బడునో యెవ్వరికిని దెలియదు. ఆ సందేహముపై మఱల వివాదము పుట్టఁగా, 1529లో సరగోసాపురమున స్పెయినురాజు 350,000 డకాటులు పుచ్చుకొని సుగంధద్రవ్యముల దీవులపైఁ దన హక్కును వదలుకొనెను.

1580లో రెండవ ఫిలిప్పు పోర్చుగలునకుఁ గూడ రాజయ్యెను. అది మొదలు 1640వఱకు నఱువదియేండ్లు రెండురాజ్యములకును రాజొక్కఁడే. కావున నాగపట్టణమునందును, మైలాపురముచెంతనున్న సాంతోములోను నెగిరిన జెండా స్పెయినురాజుదే యని చెప్పవలసియున్నది. కాని పోర్చుగలుసీమల వ్యవహారములు పోర్చుగీసువారిచేతులలోనే యుండునని యతఁడు మాటయిచ్చియుండెను. స్వంతరాజు రాజ్యమున స్వంతప్రజలే వర్తకము చేయరాదను నీ చిత్రపరిస్థితివలన నా యఱువదియేండ్లలోఁ గూడ స్పెయినువర్తకులు మనతీరమునకు రాలేదు. రాజులమధ్య నుత్తరప్రత్యుత్తరములు మాత్రము నడచినవి. పెనుగొండనుండియుఁ జంద్రగిరినుండియు రాజ్యమేలిన యారవీటి వేంకటపతిదేవరాయలకును, స్పెయినురాజగు మూఁడవ ఫిలిప్పునకును నడుమ లేఖలు పోయివచ్చినవి. వీనిని వెలికిఁదీసి ప్రకటించినవాఁడు హెన్రీ హేరాసు. ఈతఁడు 1888లో స్పెయినునందలి బార్సిలోనాపురమునఁ బుట్టి, 1922లో నీ దేశమునకు వచ్చి, బొంబాయిలో నుపాధ్యాయుఁడై, 1927లో నారవీటివంశచరిత్రమును బ్రకటించి, 1955లో బొంబాయిలోనే గతించెను. తెలుఁగురాజుల తుదివంశమునకు విపులమైన చరిత్రము నొక స్పెయినుదేశీయుఁడు వ్రాయవలసివచ్చుట తెలుఁగువారు గమనింపవలసినదే.

స్పెయినువారిపగ యొకటి యీ తీరమున రక్తము చిందించినది. డచ్చివారు స్పెయినురాజుమీఁదఁ దిరుగఁబడి పోరాడుచుండిరి. 1609లో నైరోపాలోఁ బండ్రెండేండ్లసంధి కుదిరెను. సంధి యుండఁగనే, 1612లో సాంతోములోని పోర్చుగీసువారు, అనఁగా నప్పటికి స్పెయినురాజు ప్రజలు, ప్రళయకావేరియందలి డచ్చివారి వర్తకశాలను ధ్వంసముచేసిరి. మఱుసటియేఁట డచ్చివా రచ్చట గెల్డ్రియాదుర్గమును గట్టుకొనిరి.

స్పెయినువారు రాకున్నను వారివెండి వచ్చినది. 1545లో దక్షిణామెరికాయందలి పొటోసికొండలో వెండిగని బయలుపడెను. 1571లో ఫిలిప్పీనుదీవులయందు మనీలానగరము స్పెయినువారికి రాజధాని యయ్యెను. మెక్సికోదేశపు టకపుల్కోరేవునుండి వెండితో బయలుదేఱిన పెనునావ పసిఫికుమహాసముద్రమును దాఁటి రమారమి మూఁడునెలలకు మనీలా చేరును. అచ్చటఁ జీనాపట్టును, హిందూదేశపు నూలుబట్టలను నింపుకొని మరలిపోవునపుడు నాలుగునెలలును, ఒక్కొక్కప్పు డాఱునెలలును బట్టును. 1565 మొదలు 1815 వఱకు రెండువందల యేఁబదియేండ్లీ ప్రయాణము సాగినది. స్వదేశపుఁ బట్టువర్తకుల మొఱలు విని స్పెయినుప్రభుత్వము 1593లో నొక నిబంధనముచేసి, ఏఁటికి రెండున్నరలక్షల పెసోల సరకునకు మించి మనీలానుండి పోరాదనియు, అయిదులక్షలకు మించి వెండి రారాదనియు శాసించెను. శాసన మున్నను రహస్యముగాఁ బోయినదియు వచ్చినదియు మిక్కిలిగానే యుండెను. ఆ నావలత్రాళ్లకుఁ గొబ్బరిపీఁచు కావలసివచ్చి, 1642లో హుర్తాదొ దె కొర్కుయేరా యను మనీలాపాలకుఁడు దేశీయుఁ డొక్కొక్కఁడు రెండువందల కొబ్బరిమొక్కలు నాటవలెనని యాజ్ఞాపించెను. కోనసీమవారి కెవ్వరు నాజ్ఞాపింప నక్కఱలేకపోయిన పని యచ్చట రాజాజ్ఞచేఁ జేయవలసివచ్చినది. ఎండుకొబ్బరికి స్పెయినువారు వాడు "కొప్ర" యనుమాట మలయాళమునుండి పోర్చుగీసుభాషద్వారా వారికిఁ జేరినది. మన కొబ్బరికి నది సోదరపదము.

మనీలాలో నింకొక వింత కలదు. స్పెయినువారు తూర్పుదేశమునకుఁ బడమటిత్రోవను వచ్చినవారగుటచే వారిలెక్కలో నొక దినము వెనుకఁబడినది. చెన్నపట్టణమున సోమవారమైన నాఁడు మనీలాలో నాదివారము. తిథి చంద్రునిబట్టి యేర్పడును గావున రెండుచోట్లను నొక్కటియే. వారముమాత్రము వేఱు. పంచాంగమున నొక యంగము భిన్నమై, తక్కినవి సమమైయుండు నట్టిదేశము మఱియొకటి దొరకుట కష్టము. ఈ దోషమును 1844లో దిద్దుకొనిరి. ఆ సంవత్సరము మనీలాలో డిసెంబరు 30వ తేది పిమ్మట 31వ తేది లేకయే జనవరి 1వ తేది వచ్చెను.

ఐరోపావారు మనీలాలో వర్తకము చేయరాదని స్పెయినురాజాజ్ఞ. ఆసియాఖండమువారికి నిషేధము లేదు. ఈ సందు చెన్నపట్టణపు టాంగ్లేయులకుఁ జాలినది. ఆర్మీనియావారి పేరను, మహమ్మదీయుల పేరను, పోర్చుగీసువారి పేరను ఓడలు నడపిరి. సొమ్ము దొరలది, జెండా యితరులది. మనీలాయధికారు లిది యెఱుఁగనివారు కారు. ఈ వర్తకమున ధనికులైన యార్మీనియావారిలోఁ బేరెన్నికగన్నవాఁడు ఖోజా పెట్రసు ఉస్కాను. మనీలాలో గడించి చెన్నపట్టణమున స్థిరపడిన యీతఁడు 1726లో సైదాపేటయొద్ద నడయాఱుపై వంతెన గట్టించెను. పరంగికొండకు మెట్లు వేయించెను. 1751లోఁ గాలధర్మమునొందెను. ఆ వంతెనకుఁ బెట్టిన ధనములో గోదావరీతీరపు బట్టలమీఁది లాభమెంతయో లెక్కతేల్చుట యిపుడు సాధ్యము గాదు. చెన్నపట్టణమునకు నూలుబట్టలు వచ్చుచున్న చోట్లలో నీ తీర మొకటియనుట మాత్రము నిశ్చయము. అదియుఁగాక కంపెనీవారు ఇంగ్లండునుండి తెచ్చు వెండియే మిక్కిలిభాగము స్పెయినుడాలరు. అనఁగా మనీలాత్రోవను వచ్చినను, లండనుత్రోవను వచ్చినను మాధవాయపాలెపు బట్టకు మూల్యమైనది చాలవఱకు పొటోసి, మెక్సికోగనుల వెండియే.

ఆ బట్ట నేఁతకుఁ గావలసిన ప్రత్తి కోనసీమలోఁ బండునది గాదు. బీరారుప్రాంతమునుండి లంబాడీల పెరికెయెద్దులమీఁద వచ్చుచుండెను. నూలు వడికినది యాఁడువారు. నేసినవారు దేవాంగులు, పద్మసాలీలు, కైకాలవారు, కర్ణభక్తులు మున్నగువారు. బట్టయొక్క మేలు "పుంజము" అను లెక్కతో నేర్పడుచుండెను. నూటయిరువది పడుగుపోఁగు లొక పుంజము. వెడల్పులో నెన్ని పుంజము లున్న నంత సన్ననిబట్ట. పదునాలుగు పుంజములది ముతకది. ముప్పదికిఁ బైఁబడినది మిక్కిలి సున్ననిది. ఈ తెలుఁగుమాట "పంజం" అను రూపమున నాంగ్లేయుల లెక్కపుస్తకములలో నంతటను గానవచ్చుచున్నది. నేఁత ముగిసినపిమ్మటఁ జాకలివారు దానిని నదీజలమునఁ జలువచేసి, గంజిపెట్టి, కొట్టి మడఁతలు వేయుదురు. వసిష్ఠగోదావరినీటి మంచితనమువలననే మాధవాయపాలెపుఁ జలువకుఁ బేరువచ్చినదని కొందఱందురు. చాకలివారి నేర్పున కందులో నెంతభాగమో చెప్పువారు లేరు. బట్టలేకాక యీ రేవు లోడలకును బ్రసిద్ధములు. 1670 ప్రాంతమున నీ తీరమునఁ దిరిగిన థామసు బౌరీ యను నావికుఁడు నరసాపురమునను, మాధవాయపాలెమునను ఓడలు కట్టుదురనియు, కలపయు నినుమును నచ్చట సులభముగా దొరకుననియు వ్రాసెను. 1679లోఁ జెన్నపట్టణపుఁ గంపెనీపాలకుఁడగు స్ట్రేన్షాము మాస్టరు కార్యవిచారణకై మాధవాయపాలెమునకు వచ్చి, దినచర్య వ్రాసియుంచెను.

కంపెనీ బట్టను గొనువిధ మిట్టిది. వర్తకునిద్వారా సాలీనికి ముందుగా బయానా యిత్తురు. బయానా పుచ్చుకొన్న సాలీఁడు కంపెనీకిఁ దప్ప మఱియెవ్వరికిని నేయరాదు. తెచ్చిన బట్టను మచ్చుతోఁ బోల్చి, పుంజము తక్కువయని యొకటి, చలువ చాలదని యొకటి త్రోసివేయుదురు, లేదా ధర తగ్గింతురు. త్రోసివేసిన బట్టకుఁ జెందిన బయానా యప్పుగా నిలుచును. ఫ్రెంచివారును డచ్చివారును బోటీగానున్నంతకాలము సాలీనికిఁ గొంత వెసులుబాటుండెను. 1766లో నుత్తరసర్కారులు కంపెనీపరమైన పిమ్మటఁ గొనువాఁడును బాలించువాఁడును నొక్కఁడే యయ్యెను. బంట్రోతులు సాలీల యిండ్లయొద్దఁ గాపుండసాగిరి. 1798 ప్రాంతమున గోదావరీసీమలోని సాలీలు నేఁతమాని గుంపులుగాఁ గూడి మొఱవెట్టిరి.

ఈ వెండిని ద్రవ్వినవారిస్థితియు నిట్టిదియే. 1573లోఁ బెరూపాలకుఁడగు తొలేదో, పొటోసిచుట్టునున్న దేశీయగ్రామములనుండి మగవారిలో నేడింట నొకవంతు ఏఁటేఁట గనిపనికి రావలెనని విధించెను. "మితా" యని దానిపేరు. ఇంకాప్రభువులనాఁటి వంతుపని పేరే యది. పని మాత్రము వేఱు. అనేకశతములడుగుల లోఁతునుండి తోలునిచ్చెనలమీఁద ముడిసరకును మోసికొని పైకి రావలసియుండెను. మరలి రానివారు లెక్కకు మిక్కిలి. బయానాచేఁ గట్టువడిన సాలీఁడును, వంతుచేఁ గట్టువడిన గనికూలియు నొకరి నొకరు వినియైన నెఱుఁగరు. ఒకని కష్టము మఱియొకని కష్టమునకు వెలయై మనీలాసంతలో మాఱుచుండెను.

1757లో ఫ్రెంచిసేనాని బుస్సీ విశాఖపట్టణము మీఁదికిఁ బోవుచు మాధవాయపాలెము, బెండమూర్లంక, ఇంజరము మూఁటిని నాంగ్లేయులనుండి పట్టుకొనెను. 1758 డిసెంబరులోఁ జందుర్తియుద్ధమున ఫ్రెంచివా రోడిపోఁగా నవి మరల నాంగ్లేయులపాలయ్యెను. ఆ యుద్ధమే యైరోపాలోఁ బెరిఁగి 1762లో స్పెయినునకును ఇంగ్లండునకును వైరము గల్గించెను. వెంటనే చెన్నపట్టణమునుండి డ్రేపరు సేనానిగాను, కార్నిషు నావికాధిపతిగాను మనీలామీఁదికి దండు కదలినది. అందు దాదాపు 600 మంది యీ దేశపు సిపాయీలు. యుద్ధవార్త మనీలా కింకను జేరలేదు. పగవారియోడలు రేవులోఁ గానవచ్చిన పిమ్మటఁ గాని యుద్ధమున్నదని యచ్చటివారు నమ్మలేదు. ఆంగ్లేయులలెక్కను అక్టోబరు 6వ తేదిని, స్పెయినువారిలెక్కను 5వ తేదిని మనీలా లొంగిపోయెను. నగరమును దోఁచకుండుటకు నలువదిలక్షల డాలర్లిత్తు మనిరి. ఆ సొమ్ము పూర్తిగా నెన్నఁడును ముట్టలేదు. 1764లో నాంగ్లేయులు మనీలాను విడిచిరి. సిపాయీలు కొందఱు మాత్రము మరలిరాక, నగరమునకుఁ దూర్పుననున్న కైంతా యను నూర నచ్చటిస్త్రీలను బెండ్లాడి నిలిచిపోయిరి. వారిసంతతి యచ్చట నుండుట నేఁటికిని బ్రసిద్ధము.

మనీలాసంతనుండి బట్టలేకాక మనుష్యులును మెక్సికోకుఁ బోయిరి. హిందూదేశమునఁ జిన్నతనమునఁ బోర్చుగీసువారిచేఁ జెఱపట్టఁబడి, మనీలాలో నమ్మఁబడి, మెక్సికోలోని పువెబ్లాపురము చేరిన కతరీన దె సాన్ హువాన్ అను నామె పుణ్యస్త్రీయని పేరొంది 1688లో గతించెను. అచ్చట నాసియాబానిసల నందఱను "చీనావారు" అనియే వ్యవహరించుచుండిరి. 1672లో వారికి దాస్యవిముక్తి కలిగెను. ఇఁక మెక్సికోలోని సామాన్యులు మెడకును తలకును గట్టుకొను రంగుచేతిరుమాలునకు "పాలియాకాతె" యని పేరు. ఇది పోర్చుగీసువారు "పాలియాకాట" యని వ్రాసిన ప్రళయకావేరిపేరే యని పలువుర మతము. అచ్చటి యాదిమభాషయగు నవాత్లునుండి, రంగు, ముక్కు అను నర్థములుగల పదములచే నేర్పడినదని కొందఱ మతము. రుమాళ్ల నెగుమతిచేసిన రేవుపేరు రుమాలునకుఁ జెల్లుట లోకమందున్నదే. ముక్కునకు రంగునకును గల సంబంధమును జెప్పుటకుఁ జాల శ్రమపడవలసియున్నది. కావున మొదటిమతమే బలవత్తరముగాఁ దోఁచుచున్నది. మెక్సికోస్వాతంత్ర్యవీరుఁడగు మొరేలొసు చిత్రము లన్నిఁటను దలకీ రుమాలు చుట్టుకొనియే యుండును. ఆతఁడు 1815లోఁ దుపాకులతోఁ గాల్చి చంపఁబడెను. అకపుల్కో మనీలా నావలు నిలిచిపోయినదియు నా సంవత్సరమే.

ఎనిమిది రియాలుల స్పెయినుడాలరు రమారమి 27 గ్రాములు, అనఁగా రెండుంబావు తులములకుఁ గొంచె మెక్కువ తూఁగును. 1732 మొదలు 1772 వఱకు మెక్సికోలో ముద్రింపఁబడిన డాలరుమీఁద సముద్రముపై రెండుభూగోళములును, ఇరుప్రక్కల రెండుస్తంభములును నుండును. అవి జిబ్రాల్టరుజలసంధియొద్ద హెర్క్యులీసు నిలిపిన స్తంభములట. పిమ్మటి డాలర్లపై మూఁడవ చార్లెసు, నాలుగవ చార్లెసు రాజుల ముఖములు గలవు. ఈ నాణెములు తెలుఁగుదేశమున డాలర్లుగాఁ జెల్లలేదు. టంకశాలలోఁ గరఁగి రూపాయలైనవి. 1808 ప్రాంతమునఁ జెన్నపట్టణపు టంకశాలలోఁ గంపెనీవారు వెండి యరవరాహలను, పావువరాహలను ముద్రించిరి. ఒకప్రక్క నక్షత్రములనడుమ గోపురము, చుట్టును ఆంగ్లపారసీకాక్షరములు. రెండవప్రక్క విష్ణుమూర్తి, చుట్టును ద్రావిడాంధ్రాక్షరములు. తొందరచే నరవరాహలు కొన్నిటిని స్పెయినుడాలర్లపైననే మరల ముద్రవేసిరి. క్రొత్తముద్ర సరిగా బిగియనిచోఁ దొలిముద్ర చెఱఁగక నిలిచియున్న నాణెములు నాణెశాస్త్రజ్ఞుల సంపుటములలో నేఁటికిని గలవు. స్పెయినురాజు లాంఛనముమీఁదఁ దెలుఁగక్షరములు పడిన చోటు లోకమున నిదియొక్కటియే కావచ్చును.

1785లో స్పెయినువారు ఫిలిప్పీనువర్తకసంఘమును స్థాపించిరి. 1789లో నాసియాసరకు దెచ్చు నైరోపాయోడలకు మనీలారేవును దెఱచిరి. అప్పటికే కాలము మించినది. 1810 మొదలు మెక్సికోలో స్వాతంత్ర్యయుద్ధము. 1821లో నా దేశము విడిపోయెను. ఇచ్చట 1833 నాఁటి చార్టరుశాసనముచేఁ గంపెనీవ్యాపారమే రద్దయ్యెను. గోదావరీసీమలోని యా మూఁడు వర్తకశాలలును మూఁతపడెను. ఆ దినములలోనే నందననామసంవత్సరపు ఘోరక్షామము వచ్చెను. 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియయి కోనసీమ వరిచేలకును కొబ్బరితోఁటలకును నిలయమైనపుడు నదీతీరమున మగ్గములు మునుపటివలె లేవు.

"మదపోలాన్" స్పెయినుభాష కేత్రోవను జేరెననఁగా, మనీలాత్రోవనని చెప్పుటకుఁ దగిన యాధారము గానరాదు. ఫ్రెంచివారు పందొమ్మిదవ శతాబ్దమున "మదపొలాం" అను మాటను బహుళముగా వాడిరి. వారినుండియో, ఆంగ్లేయవర్తకులనుండియో స్పెయినువారు గ్రహించిరని తోఁచుచున్నది. వెండి పోయిన త్రోవ యొకటి, మాట పోయిన త్రోవ మఱియొకటి. అప్పటికి లంకషైరుమిల్లులలో నావిరియంత్రములు నేయుచున్న బట్టకే యా పేరు చెల్లుచుండెను. 1886లో యూలు, బర్నెలు అను పండితులు తమ యాంగ్లేయహిందూపదకోశమున, మదపొల్లమనునది గోదావరిపాయ యొడ్డుననున్న మాధవాయపాలెముపేరని వివరించి, నాఁటి కది యింగ్లండునుండి హిందూదేశమునకు విశేషముగాఁ బంపఁబడుచున్న సరకని వ్రాసిరి.